వెనక్కి దిగని రంగు

కొండాపూర్, హైదరాబాద్
ఆదివారం రాత్రి

చిట్టీ,

అమ్మ పెడన నుంచి వచ్చి పది రోజులైంది. వచ్చిన రాత్రే, భోజనాలయ్యాక సోఫాలో నడుం వాలుద్దామని దిండు లాక్కుంది. లాక్కుని, తలకింద పెట్టుకోబోతూ ఆగిపోయింది. లైటు కిందికి తిప్పి చూసింది. "ఎవరే ఈ పిల్ల? పిలిస్తే తిరిగినట్టు చూస్తోంది. ఈ పిల్ల మొహం మీద తలెట్టుకుని ఎట్టా పడుకోను?" అంటూ దిండును కుర్చీలో నిలబెట్టి, తన శాలువా మడతపెట్టి తలకింద పెట్టుకుంది.

ఆ పిల్ల మీ ఊరి పిల్లే. నీలం తలపాగా, వెనక పసుపు కుచ్చు, చెవికి ముత్యం. మీ హేగ్‌లో ఆ చెరువు పక్కన, మౌరిట్స్‌హుయిస్‌లో ఉంటుంది. నువ్వు వెళ్ళి మూడేళ్ళయింది, ఒక్కసారన్నా వెళ్ళి చూశావా? ఈ ఉత్తరం రాస్తున్నది సగం ఆ మాట అడగడానికే.

మిగతా సగం దిండ్ల గురించి. నవ్వుకోకు, పది రోజుల నుంచి నా మనసంతా వాటి మీదే ఉంది.

నువ్వున్నప్పటికీ ఇప్పటికీ ఇక్కడి ఇళ్ళు చాలా మారాయి. కొత్తగూడ నుంచి నల్లగండ్ల దాకా ఏ ఫ్లాట్‌కి గృహప్రవేశానికి వెళ్ళినా తెల్ల గోడలు, బూడిదరంగు సోఫా. రంగన్నది ఉంటే దిండ్ల మీదే. అద్దె ఇళ్ళలో గోడకి మేకు కొట్టనివ్వరు. కొట్టనిచ్చినా ఎన్నాళ్ళుంటామో తెలియదు. ప్రాజెక్టు మారితే, స్కూలు మారితే ఇల్లు మారుతుంది. పటం కట్టించి గోడకి పెట్టుకునే జీవితం కాదు మాది. అందుకే బొమ్మలు గోడల మీంచి దిగి దిండ్ల మీదికి వచ్చాయి. 2018 ఆగస్టులో ఇక్కడ ఐకియా తెరిచాక దిండు వేరుగా, గలీబు వేరుగా కొనుక్కోవడం అందరికీ అలవాటైంది. పండక్కో గలీబు మారిస్తే ఇల్లు కొత్తగా కనిపిస్తుంది. నేనూ అలాగే మొన్న సంక్రాంతికి ఆన్‌లైన్‌లో నాలుగు గలీబుల సెట్టు తెప్పించాను. అందులో ఒకటి ఈ పిల్ల. రెండోది బంగారు దుప్పటిలో కలిసిపోయిన జంట. మూడోది నీలం ఆకాశం మీద తెల్ల పూలకొమ్మ. నాలుగోది తామరల కొలను.

అమ్మ "ఎవరే ఈ పిల్ల" అన్నప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ ప్యాకెట్టులోని చీటీ. దాని మీద కొలత ఉంది, ఉతికే పద్ధతి ఉంది, "టర్బన్ లేడీ, గోల్డెన్ కపుల్, బ్లూ ఫ్లవర్, లోటస్ పాండ్" అని ఉంది. వేసిన మనిషి పేరు ఒక్కటీ లేదు. ఆ రోజు నేను పట్టించుకోలేదు. అమ్మ అడిగాక సిగ్గేసింది. వెర్మీర్, క్లిమ్ట్, వాన్ గో, మొనే. నాలుగు పేర్లు అచ్చు వేయడానికి ఎంత సిరా కావాలి?

మర్నాడు పొద్దున్నే అమ్మ ఆ గలీబు జిప్పు లాగి లోపలి వైపు తిప్పింది. ముప్పై ఏళ్ళు అద్దకం బల్ల దగ్గర నిలబడ్డ మనిషి కదా, గుడ్డ కనిపిస్తే చెయ్యి దానంతటదే వెనక్కి తిప్పుతుంది. లోపల తెల్లగా ఉంది. పిల్లా లేదు, ముత్యమూ లేదు. "రంగు వెనక్కి దిగలేదే" అంది. ఏదో తప్పు జరిగినట్టు అంది.

అది ఎందుకు దిగదో ఆ రోజు ఆఫీసు నుంచి వచ్చాక కూర్చుని తెలుసుకున్నాను. ఈ గలీబులు నూలువి కావు, పాలిస్టర్‌వి. బొమ్మను ముందు కాగితం మీద అద్దంలోలాగా తిరగేసి అచ్చు వేస్తారు. ఆ కాగితాన్ని గుడ్డ మీద పరిచి, దాదాపు 200 డిగ్రీల వేడితో అదుముతారు. ఆ వేడికి రంగు కరగకుండానే ఆవిరైపోయి పాలిస్టర్ పోగులోకి దూరుతుంది. నూలు మీద ఈ పద్ధతి నిలవదు. బొమ్మ ఆనిన వైపే రంగు, అవతలి వైపు ఏమీ ఉండదు. ఇదంతా ఒక నిమిషంలో అయిపోతుంది. నిమిషంలో అయిపోవడం తప్పని నేననను. ఆ నిమిషం వల్లే మూడు శతాబ్దాల నాటి పిల్ల కొండాపూర్‌లో మా సోఫా దాకా వచ్చింది. పైగా ఈ పాత బొమ్మలు ఇప్పుడెవరి సొత్తూ కాదు. మన దేశంలో చిత్రకారుడు పోయి 60 ఏళ్ళు దాటితే బొమ్మ అందరిదీ అవుతుంది. 1973లో పోయిన పికాసోకి ఇంకా ఆ గడువు రాలేదు. మీ ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియం అయితే 2012 నుంచి తన దగ్గరి బొమ్మల పెద్ద పెద్ద ఫొటోలను ఎవరికైనా ఊరికే ఇస్తోంది. అంత మంచి పని చేసినవాళ్ళని తలుచుకుంటే, ఒక పేరు రాయడానికి బద్ధకించినవాళ్ళ మీద ఇంకా కోపం వస్తుంది.

అప్పటి నుంచి రోజూ రాత్రి కాల్స్ అయ్యాక, అమ్మకి ఒక్కో దిండు గురించి చెబుతున్నాను. నేర్చుకుంటున్నది నేను, పేరుకే అమ్మకి చెప్పడం.

ముందు మీ పిల్ల సంగతి. అసలు బొమ్మ 44.5 సెంటీమీటర్లు ఎత్తు, 39 వెడల్పు. మా దిండు 16 అంగుళాలు, అంటే 40 సెంటీమీటర్ల పైచిలుకు. అంటే చిట్టీ, ఆ పిల్ల మా సోఫాలో దాదాపు తన అసలు కొలతలోనే కూర్చుంది! ఇది తెలిసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. 1665 ప్రాంతంలో వెర్మీర్ వేశాడు. తలపాగా నీలం ఇప్పటి అఫ్గానిస్తాన్ కొండల్లో దొరికే రాయిని నూరి చేసింది, ఆ రోజుల్లో చాలా ఖరీదు. తర్వాత ఆ బొమ్మని అందరూ మర్చిపోయారు. 1881లో మీ హేగ్‌లోనే వేలంలో రెండు గిల్డర్లకు, పైన 30 సెంట్ల రుసుముకు పోయింది. కొన్నాయన చనిపోతూ దాన్ని మ్యూజియానికి రాసిచ్చాడు. అమ్మ ఇది విని "రెండు రూపాయల పిల్లా!" అని ఆ దిండును ఒళ్ళోకి తీసుకుంది.

ఇంకోటి. 2018లో ఆ బొమ్మను యంత్రాలతో శోధించి, 2020లో ఫలితాలు చెప్పారు. ఇన్నాళ్ళూ లేవనుకున్న కనురెప్పల వెంట్రుకలు ఉన్నాయి. వెనక ఉన్నది ఉత్త చీకటి కాదు, ఒకప్పుడు ఆకుపచ్చ తెర. దిండు మీద ఆ రెండూ కనిపించవు, కనిపించే అవకాశమే లేదు. ముత్యానికి కొక్కెం కూడా లేదు. పైన ఒక తెల్ల చుక్క, కింద కాలరు నీడ పడ్డ మెరుపు, అంతే. మన కళ్ళే మిగతా ముత్యాన్ని పూర్తి చేసుకుంటాయి. దిండు మీద ఆ తెల్ల చుక్క ఉండాల్సిన చోట ఒక దారపు ముడి పైకి లేచింది. నేను దాన్ని కత్తిరించబోతే అమ్మ ఆపింది, చెవి కోస్తావా అన్నట్టు.

ఇక బంగారు జంట. క్లిమ్ట్ 1907, 1908లో వేసిన "ముద్దు", వియన్నాలో బెల్వెడియర్‌లో ఉంది. అది చదరం, 180కి 180 సెంటీమీటర్లు. మన ఆరడుగుల పెద్ద మంచం పరుపంత. క్లిమ్ట్ నాన్న బంగారం మీద చెక్కడం పని చేసేవాడు, కొడుకు బొమ్మల మీద బంగారు రేకు అంటించాడు. బంగారు రేకన్నది నాలుగు రంగుల సిరాలతో వచ్చేది కాదు. దిండు మీద ఉన్నది పసుపూ గోధుమరంగూ కలిసిన రంగు, అంతే. మన పట్టుచీర జరీ దీపం ముందు కదిలినప్పుడు మెరిసి ఆగి మెరుస్తుందే, అలాంటిది బొమ్మ ముందు అటూ ఇటూ నడిస్తేనే తెలుస్తుందనుకుంటాను. ఈ దిండు మీద నాకు బాధ కలిగించింది మాత్రం వేరే. అసలు బొమ్మలో ఆమె పూలమడి అంచున మోకాళ్ళ మీద ఉంటుంది. కాలివేళ్ళు ఆ అంచుని గట్టిగా పట్టుకుని ముడుచుకుని ఉంటాయి. అవతల నేల లేదు. బొమ్మలో ఉన్న భయమంతా ఆ వేళ్ళలోనే ఉంది. బొమ్మ చదరం, దిండూ చదరం, మొత్తం పెట్టొచ్చు. కానీ మొహాలు పెద్దవిగా కనిపించాలని లోపలికి జరిపి కత్తిరించారు. మిగిలిన కాస్త మడమ జిప్పు కుట్టులోకి పోయింది. వేళ్ళు లేవు. ఆ వేళ్ళు లేకపోతే అది పెళ్ళి ఫొటో అయిపోతుంది.

పూలకొమ్మ అమ్మకి బాగా నచ్చింది. "మన బాదం చెట్టేనా?" అంది. మన వీధుల్లో ఆకులు ఎర్రబడి రాలే బాదం కాదు, అసలు బాదం పప్పు కాసే చెట్టని చెప్పాను. ఆకు రాకముందే పూస్తుందిట. వాన్ గో తమ్ముడు తియోకి 1890 జనవరి 31న కొడుకు పుట్టాడు. అన్నగారి పేరే పెట్టారు, విన్సెంట్ అని. ఆ వార్త అందేసరికి ఆయన సెయింట్ రెమీ మానసిక చికిత్సాలయంలో ఉన్నాడు. ఆ పసివాడి కోసమే ఈ కొమ్మ వేశాడు. అది వాళ్ళ పడకగదిలో ఉండాలనుకున్నాడు. జూలైలో వాన్ గో పోయాడు, తర్వాత ఆరు నెలలకి తియో పోయాడు. చంటిబిడ్డతో మిగిలిన ఆ తల్లి, జో, బొమ్మలన్నీ కాపాడి, అన్న తమ్ముడికి రాసిన ఉత్తరాలు 1914లో అచ్చు వేయించింది. తమ్ముడికి రాసినవే 600 పైచిలుకు మిగిలాయి. ఆ పసివాడు పెరిగి పెద్దవాడై, ఆమ్‌స్టర్‌డామ్‌లో వాన్ గో మ్యూజియం రావడానికి కారణమయ్యాడు. అది 1973లో తెరిచారు. కొమ్మ ఇప్పటికీ అందులోనే ఉంది. అమ్మ అంతా విని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఆ కోడలు గొప్పది" అంది. ఆ మాట నాకెప్పుడూ తట్టలేదు.

తామరల కొలను సంగతి ఇప్పుడు రాయను. మొనే గురించి నాకింకా సరిగా తెలియదు.

మా ఆఫీసు రాయదుర్గంలో పదకొండో అంతస్తు. వాన వెలిసిన సాయంత్రం కిటికీలోంచి గోల్కొండ బాలాహిస్సార్ కనిపిస్తుంది. మొన్న దాన్ని చూస్తూ ఒక లెక్క వేసుకున్నాను. మీ పిల్లను వెర్మీర్ వేస్తున్న రోజుల్లో ఆ కోటలో అబ్దుల్లా కుతుబ్‌షా ఉన్నాడు. ఆ కోటకి సముద్రం మన బందరు. వజ్రాలతోపాటు అద్దకం గుడ్డలు అక్కడి నుంచే ఓడలెక్కేవి. 1605లో డచ్చివాళ్ళు బందరులో దిగారు. నీకు చెప్పాలా, మీ అమ్మమ్మగారి ఇల్లు వలందపాలెంలోనే. చిన్నప్పుడు ఆ పేరుకి అర్థమేంటని ఎప్పుడన్నా అడిగామా? హాలెండువాళ్ళే మన నోట వలందులయ్యారు. పక్కనే ఫరాసుపేట, ఇంగ్లీషుపాలెం. ఆ దేశాలన్నీ మన ఊళ్ళో వీధులై కూర్చున్నది గుడ్డ కోసమే. వెర్మీర్ ఊరు డెల్ఫ్ట్‌లోనే డచ్చి కంపెనీకి ఒక శాఖ ఉండేది. మన ఛీంట్ గుడ్డనే మీ వాళ్ళు ఇప్పటికీ "సిట్స్" అంటారు. మన గుడ్డ వాళ్ళ మంచాల మీద దుప్పటైంది, కిటికీలకు తెరైంది, ఆడవాళ్ళకు జాకెట్టైంది.

అక్కడితో ఆగలేదు. ఫ్రాన్సులో 1686 నుంచి 1759 దాకా అద్దకం గుడ్డల మీద నిషేధం. ఇంగ్లండులో 1721లో చేసిన చట్టమైతే ఒంటి మీద వేసుకోవడమే కాదు, మంచాలకు, కుర్చీలకు, దిండ్లకు కూడా వాడకూడదని రాసింది. దిండు అని చట్టంలోనే ఉంది చిట్టీ! వాళ్ళ నేతగాళ్ళు మన రంగు గుడ్డ ముందు నిలవలేక గోల పెడితే వచ్చిన చట్టమది. మీ హాలెండు మాత్రం నిషేధించలేదు. అందుకే మీ మ్యూజియాల్లో అంత సిట్స్ మిగిలింది.

గుడ్డ మీద దొరల బొమ్మలు కూడా కొత్త కాదు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో 1640, 50 నాటి గోల్కొండ కలంకారీ రుమాళ్ళున్నాయి. ఆ కాలపు కలంకారీల్లో టోపీలు పెట్టుకున్న తెల్లవాళ్ళను మనవాళ్ళు బొమ్మలుగా వేశారు. ఫోన్లో చూపిస్తే అమ్మ వేలితో పెద్దది చేసి చేసి చూసింది. మనుషులను కాదు, వాళ్ళ చుట్టూ ఉన్న ఎరుపును. "ఇది చిరివేరు ఎరుపు" అంది. కృష్ణ ఇసుక నేలల్లో పెరిగే ఆ వేరుతో వేసిన రంగు వాళ్ళ తాతల కాలంలోనే తగ్గిపోయిందిట. అమ్మ కళ్ళు దాన్ని గుర్తుపట్టాయి.

ఆ రుమాలు వేసిందెవరు? పేరు లేదు. మీ రైక్స్‌మ్యూజియంలో ఉన్న మన గుడ్డల కింద చీటీ చూడు, "కోరమండల్ తీరం" అని ఉంటుంది, ఒక శతాబ్దం ఉంటుంది. మనిషి ఉండడు. నా దిండు మీద వాన్ గో పేరు లేదని కోపం తెచ్చుకున్నానే, దాన్ని వెతికి పట్టుకోవడానికి నాకు అయిదు నిమిషాలు పట్టలేదు. వాళ్ళ ఇళ్ళలో రెండొందల ఏళ్ళు పరుచుకున్న మనవాళ్ళ పేర్లు ఎంత వెతికినా దొరకవు. ఇది నన్ను నిద్రపోనివ్వడం లేదు.

ఇవాళ అమ్మను శిల్పారామం తీసుకెళ్ళాను. పక్కన సైబర్ టవర్స్ దగ్గర ఆదివారం కూడా ట్రాఫిక్ అలాగే ఉంది, లోపల వేపచెట్ల కింద మాత్రం చల్లగా ఉంది. కలంకారీ అని రాసిన దుకాణాల్లో దిండు గలీబులు గుట్టలుగా పోసి ఉన్నాయి. అమ్మ ఒక్కొక్కటీ తిరగేసి రెండు గుట్టలు చేసింది. తెరతో అచ్చు వేసినవి ఒకవైపు, చెక్క అచ్చుతో అద్దినవి ఇంకోవైపు. దుకాణం అబ్బాయి ఏమీ అనలేదు, అమ్మ చేతుల్ని చూస్తూ నిలబడ్డాడు.

తర్వాత ఒక గలీబు తీసి నా చేతికిచ్చింది. "ఈ ఆకు కొస చూడు." మామిడి పిందెల పక్కన తీగ ఆకు. కొస దగ్గర ఆవగింజంత తెల్లగా వదిలేసి ఉంది. పక్క ఆకు చూడమంది. అక్కడా అంతే. గలీబంతా ఆ ఆకు ఎక్కడెక్కడ వచ్చిందో అక్కడక్కడ కొస లేదు. టేకు అచ్చులో ఆ ఆకు కొస విరిగింది. విరిగినా అద్దకం ఆపలేదు. "ఇది మా కార్ఖానా అచ్చు. నేను చేరిన ఏడాది కింద పడి విరిగింది" అంది. ఎవరు పడేశారని అడిగితే జవాబు చెప్పలేదు. కానీ ఆ అచ్చు చెక్కిన ముసలాయన పేరు చెప్పింది, ఎక్కడ కూర్చుని చెక్కేవాడో చెప్పింది, ఉలి పట్టేటప్పుడు నాలుక బయటపెట్టేవాడని చెప్పింది. అదంతా ఇంటికొచ్చాక ఒక నోటుబుక్కులో రాశాను. అమ్మకి గుర్తున్నవాళ్ళందరి పేర్లూ రాయాలనుకుంటున్నాను. అచ్చు చెక్కినవాళ్ళు, కరక్కాయ నీళ్ళలో గుడ్డ నానేసినవాళ్ళు, ఇనుపముక్కలూ బెల్లమూ కుండలో పులియబెట్టి నలుపు తీసినవాళ్ళు, పటిక అద్దినవాళ్ళు, కాలవలో నిలబడి జాడించినవాళ్ళు, డేగిసాలో జాజాకు వేసి ఉడికించినవాళ్ళు. ఇవాళ్టికి పదిహేడు పేర్లయ్యాయి.

ఆ గలీబు కొన్నాం. లోపలి వైపు తిప్పితే ఆ తీగ, ఆ పిందెలు, ఆ విరిగిన కొస అన్నీ కనిపిస్తున్నాయి, కాస్త లేతగా. ఇప్పుడది సోఫాలో మీ పిల్ల పక్కన ఉంది. అమ్మ దాని మీద తల ఆనించి పడుకుంది. మీ పిల్ల మీద మాత్రం ఇంకా ఎవరినీ తల పెట్టనివ్వడం లేదు. నిన్న మా వాడి కాలు తగిలితే దండం పెట్టించింది.

నువ్వు చెయ్యాల్సినవి రెండున్నాయి. ఒక సెలవురోజు పొద్దున్నే, జనం రాకముందు, ఆ పిల్ల ముందు నిలబడు. కనురెప్పలు కనిపిస్తాయేమో చూడు. యంత్రాలకే కనిపించాయంటే మామూలు కళ్ళకి కష్టమేమో, అయినా చూడు. తలపాగా నీలం మా దిండు నీలంలాగానే ఉందో లేదో, నువ్వు అటు జరిగితే ముత్యం ఏమవుతుందో రాయి. ఫొటో పంపకు, రాయి. తర్వాత ఎప్పుడైనా ఆమ్‌స్టర్‌డామ్ వెళ్తే మన గుడ్డల దగ్గరికి వెళ్ళు. అద్దంలోంచి వెనకవైపు కనిపించేలా పెట్టారేమో చూడు. ఎక్కడన్నా విరిగిన అచ్చు జాడ ఉంటే, ఒకే చోట పదే పదే రంగు తప్పిన ఆకు కనిపిస్తే, చెప్పు. అమ్మ ఎదురుచూస్తోంది.

ఇంకో సంగతి, మర్చిపోయేదాన్ని. వచ్చే నెల మా టీములో ఒకమ్మాయి ఆమ్‌స్టర్‌డామ్ వస్తోంది. నీ సోఫా దిండ్లు 16 అంగుళాలో 18 అంగుళాలో కొలిచి రాయమంటోంది అమ్మ. గుడ్డ పెడన నుంచి తెప్పించి తనే కుట్టి పంపుతుందిట. లోపల కుట్టు పక్కన, అద్దినవాళ్ళ పేరు చిన్న ముక్క మీద రాసి కుట్టమని చెప్పాను. సరేనంది. జిప్పు వద్దు, నాడాలు పెడతానంది. నీకేది కావాలో అదీ రాయి.

నీ
బందరు నేస్తం